పోత ఇనుప పెంకకు వేలకు వేలా? ఆ ధరలో వంటకు దక్కేదెంత

క్లుప్తంగా: పోత ఇనుప (కరిగించి అచ్చులో పోసిన ఇనుము) పాత్ర వంటలో చూపే తేడా దాదాపు అంతా దాని మందం, బరువు, పైన కాగి గట్టిపడిన నూనె పొర వల్ల వచ్చేదే. ఈ మూడూ మామూలు ధర పెంకలోనూ ఉంటాయి. ఖరీదైన దాంట్లో అదనంగా దొరికేవి నునుపు, కాస్త తక్కువ బరువు, మంచి పిడి, పేరు. జొన్న రొట్టెలు ఎక్కువగా చేసే ఇంట్లో వీటితో పని తక్కువ. ఎనామిల్ పూత (ఇనుము మీద కాల్చిన గాజు పొర) ఉన్న గిన్నెలు వేరే వస్తువు, వాటి లెక్క వేరు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇనుప సామాన్ల దుకాణంలో అడిగితే రొట్టెల పెంక కొన్ని వందల్లో వస్తుంది. ఫోన్‌లో వెతికితే దాదాపు అదే సైజు పోత ఇనుప పెంక వెయ్యి నుంచి మూడు వేల దాకా చూపిస్తుంది. ఇంకాస్త కిందికి జరిపితే ఫ్రాన్స్ కంపెనీల రంగు పూత గిన్నెలు ఇరవై వేలు దాటి కనిపిస్తాయి. అన్నీ ఇనుమే అయినప్పుడు ఇంత తేడా ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇటీవల పెరగడానికి కారణాలున్నాయి. నాన్‌స్టిక్ పూత మీద భయం చాలాకాలంగా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఏ పాత్రలో ఏం వండాలి, ఏం నిల్వ చేయొద్దు అన్న విషయం కూడా చేర్చింది. దాంతో అల్యూమినియం గిన్నెలు, నాన్‌స్టిక్ పెనాలు పక్కన పెట్టి ఇనుముకు మళ్లాలనుకునే వాళ్లు ఎక్కువయ్యారు. అమ్మేవాళ్లు దీనికి ఆరోగ్యం, సంప్రదాయం, తరతరాల మన్నిక అనే మూడు మాటలు జోడించారు. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిజమో విడివిడిగా చూడాల్సిందే.

ఊరి పెంక పోత ఇనుము కాదు

సంప్రదాయం మాట ముందు తేల్చుకోవచ్చు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తరతరాలుగా వాడిన రొట్టెల పెంక చాలావరకు పోత ఇనుముతో చేసింది కాదు. కమ్మరి ఇనుప రేకును కొలిమిలో కాల్చి, కొట్టి, మధ్యలో కొద్దిగా గుంత వచ్చేలా చేసి ఇచ్చేవాడు. ఇప్పుడు అంగళ్లలో, కురుమూర్తి, చెర్వుగట్టు లాంటి జాతరల్లో దొరికేదీ ఎక్కువగా రేకు పెంకే. కొలిమి బదులు ప్రెస్ మిషన్ వచ్చింది, అంతే. గుంతలు గుంతలుగా ఉండాల్సిన పొంగనాల పెంక లాంటివాటికే పోత ఇనుము (కొందరు బీడు అంటారు) ఎక్కువగా వాడారు. తెలంగాణ ఇనుముకు పాత పేరుంది, కాదనలేం. కానీ ప్రచారాల్లో చెప్పే కోనసముద్రం నిజామాబాద్ వైపు ఊరు. అక్కడ తయారైంది కత్తులకు పనికొచ్చే ఉక్కు, పెంకలు కావు.

రేకుకూ పోతకూ తేడా కార్బన్‌లో ఉంది. పోత ఇనుములో అది 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. రేకులో సాధారణంగా అర శాతం కూడా ఉండదు. కరిగిన ఇనుము అచ్చులో చల్లారేటప్పుడు ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం గ్రాఫైట్ పలుకులుగా విడిపోయి లోహం మధ్యలో నిలిచిపోతుంది. అందుకే పోత ఇనుము వంగదు, పగులుతుంది. రేకు పెంక తాండూరు బండల మీద పడితే అంచు వంకర పోతుంది, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోతుంది. పోత పెంక పడితే పిడి ఊడొచ్చు, అంచు పగలొచ్చు. దాన్ని మామూలు వెల్డింగ్ షాపులో అతికించడం కుదరదు. తరతరాలు వస్తుందన్న మాట నిజమే కానీ కింద పడనంత వరకు. పైగా ఎనిమిది వందల పెంకా, ఎనిమిది వేల పెంకా ఈ విషయంలో ఒకటే. మన్నిక నాన్‌స్టిక్‌తో పోల్చినప్పుడు చెప్పాల్సిన గుణం. మామూలు పోత పెంకకంటే ఖరీదైనది కొనడానికి అది కారణం కాదు.

ధర ఎక్కడ పెరుగుతుంది

ఇసుక అచ్చుల్లో పలుచటి ఇనుప కుండలు పోసే పద్ధతికి ఇంగ్లండ్‌లో అబ్రహం డార్బీ 1707లో పేటెంట్ తీసుకున్నాడు. మూల పద్ధతి ఇప్పటికీ అదే. ఇసుకలో బంకమట్టి, నీళ్లు కలిపి అచ్చు కడతారు, కరిగిన ఇనుము పోస్తారు, చల్లారాక అచ్చు పగలగొట్టి పెంక తీస్తారు, అంచులు గ్రైండ్ చేస్తారు. మన దేశంలో కోయంబత్తూరు, కొల్హాపూర్, రాజ్‌కోట్ లాంటి చోట్ల ఈ ఫౌండ్రీలు గుంపులుగా ఉన్నాయి. రెండున్నర కిలోల పెంకలో ముడి ఇనుము ఖరీదు వందల్లోనే ఉంటుంది. కాబట్టి వేల తేడా లోహం వల్ల రాదు.

తేడా ఆ తర్వాతి పనుల్లో వస్తుంది. అచ్చులోంచి తీసిన పెంక ఇసుక గరుకుతోనే ఉంటుంది. మామూలు కంపెనీలు దాన్ని అలాగే శుభ్రం చేసి, నూనె పూసి, కాల్చి అమ్మేస్తాయి. ఖరీదైనవి లోపలి భాగాన్ని మిషన్ మీద చెక్కి, పాలిష్ పట్టి, నూనె పొర చాలాసార్లు కాలుస్తాయి. పలుచగా పోయడం ఇంకో ఖర్చు. అచ్చు సన్నగా ఉంటే ఇనుము చివరిదాకా పారకముందే గడ్డకడుతుంది, కొన్నిచోట్ల మరీ పెళుసుగా మారుతుంది, పనికిరాక పక్కన పడేసేవి పెరుగుతాయి. అంటే తక్కువ బరువు పెంకకు ఎక్కువ ధర పెట్టడం వింతగా అనిపించినా ఫౌండ్రీ లెక్కలో దానికి అర్థం ఉంది.

అమెరికాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. టెన్నెసీ రాష్ట్రంలో 1896లో మొదలైన లాడ్జ్ కంపెనీ పది అంగుళాల పెనాన్ని అక్కడ ఇరవై, ముప్పై డాలర్లకు అమ్ముతుంది. నూనె పట్టించి అమ్మడం 2002లో మొదలుపెట్టింది ఆ కంపెనీయే. అంతే సైజులో లోపల పాలిష్ పట్టిన కొత్త కంపెనీల పెనాలు 150 డాలర్లు దాటతాయి. వీటికి ఆదర్శం పాత రోజుల గ్రిస్‌వోల్డ్ పెనాలు. 1865లో మొదలై 1957లో ఆగిపోయిన ఆ కంపెనీ పెనాలు పలుచగా, నున్నగా ఉండేవి. ఇప్పుడు వాటిని సేకరించేవాళ్లున్నారు. పాత వస్తువు మీద మోజు కొత్త వస్తువు ధరలో కలిసిపోయిందన్నమాట.

ఇక్కడ కొనేవాళ్లకు దీని మీద దిగుమతి ఖర్చు, రవాణా కూడా పడతాయి. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే డబ్బు మిగలొచ్చు కానీ 23 కిలోల సూట్‌కేసులో ఒక్క పెనమే రెండున్నర కిలోలు తినేస్తుంది. చాక్లెట్లు అడిగిన పిల్లలకు ఏం చెప్పుకోవాలో వాళ్లిష్టం.

వేడి విషయంలో ఒక పొరపాటు మాట

పోత ఇనుము వేడిని అంతటా సమంగా పంచుతుందని చాలా ప్రకటనల్లో ఉంటుంది. ఇది తప్పు. వేడిని పంచడంలో అల్యూమినియం పోత ఇనుము కంటే సుమారు నాలుగు రెట్లు, రాగి ఏడెనిమిది రెట్లు మెరుగు. చిన్న బర్నర్ మీద పెద్ద పోత పెంక పెడితే మంట తగిలే చోట మాడుతుంది, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. దాని అసలు గుణం వేరు: నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని పట్టుకుని కూర్చుంటుంది. చల్లటి పిండి పోసినా పెంక ఒక్కసారిగా చల్లబడదు. సన్నమంట మీద ఎనిమిది పది నిమిషాలు కాగనిస్తే అసమానత కూడా చాలావరకు సర్దుకుంటుంది.

వేడిని పట్టుకునే ఈ గుణం మొత్తం లోహం ఎంతుంది అన్నదాని మీదే ఆధారపడుతుంది. ధర మీద కాదు. నిజానికి ఖరీదైన పలుచటి పెంకలో లోహం తక్కువ కాబట్టి పట్టుకునే వేడి కూడా తక్కువే. చెయ్యికి సుఖం కోసం పోత ఇనుము అసలు గుణాన్ని కొంత వదులుకోవడానికి ఎక్కువ డబ్బు పెడుతున్నట్టు లెక్క.

గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుందన్న టెన్షన్ కొందరిలో ఉంది. లెక్క వేస్తే అంత భయపడాల్సింది లేదు. మూడు కిలోల పెంకను గది వేడి నుంచి 200 డిగ్రీలకు తేవడానికి సుమారు 235 కిలోజౌళ్లు కావాలి, కిలోన్నర రేకు పెంకకు అందులో సగం. మంటలో సగమే పెంకకు చేరుతుందనుకున్నా, తేడా పూటకు ఐదు గ్రాముల గ్యాస్. రోజుకోసారి వాడితే ఏడాదికి రెండు కిలోల లోపు. 14.2 కిలోల సిలిండర్‌లో ఏడో వంతు. చివరి రెండు దోసెలకు మంట ఆపేసే అలవాటుంటే అందులోనూ కొంత వెనక్కి వస్తుంది.

జొన్న రొట్టె ఒక లెక్క, దోసె ఒక లెక్క

దక్షిణ తెలంగాణ వంటింట్లో ఈ చర్చ తేలేది ఇక్కడే.

జొన్న పిండిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. వేడినీళ్లు పోసి పిసికి, చేత్తో తట్టి, పెంక మీద వేసి, పైన తడి చెయ్యి రాస్తారు. నూనె అక్కర్లేదు. రొట్టె పొడిగా కాలుతుంది, కింద పట్టిన పిండి పొరే అది అంటుకోకుండా చూస్తుంది. అంటే వేలు పోసి కొన్న నున్నటి పాలిష్‌కు ఇక్కడ పనే లేదు. పైగా తడి, ఆవిరి రోజూ తగిలితే నూనె పొర తొందరగా పలచబడుతుంది. కాగిన పోత పెంక మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే పగిలే ప్రమాదం కూడా ఉంది. తడి చెయ్యి రాసినంత మాత్రాన అలా జరగదు. రొట్టెలయ్యాక వేడి పెంకను అట్లే తీసుకెళ్లి నల్లా కింద పెట్టే అలవాటే దాన్ని చంపేది. రేకు పెంక ఆ దెబ్బను తట్టుకుంటుంది. అదీగాక అమెరికా తరహా పెనానికి చుట్టూ ఎత్తు అంచు ఉంటుంది. వెడల్పు జొన్న రొట్టెను దాంట్లో వేయడం, తిప్పడం, అంచు దగ్గర బట్టతో అదమడం ఇబ్బంది. సజ్జ రొట్టెకూ ఇదే మాట.

కాబట్టి రోజూ రొట్టెలే చేసే ఇంటికి ఊరి రేకు పెంక సరిపోతుందనడం పొదుపు సలహా మాత్రమే కాదు. ఆ పనికి అది మెరుగైన పనిముట్టు.

దోసె దగ్గర ఇది తిరగబడుతుంది. పలుచటి రేకు పెంక మీద గరిటెడు పిండి పోయగానే వేడి పడిపోతుంది, పిండి కాలేలోపే లోహాన్ని అంటుకుంటుంది. మందపాటి పోత పెంక మీద వేడి నిలుస్తుంది, అడుగు ఎర్రగా కాలి దానంతట అదే లేస్తుంది. గుంత పొంగనాలు, ఆమ్లెట్, పెంక మీద కాల్చే చేప ముక్కలకూ ఇదే సూత్రం. ఇక్కడ కూడా పని చేస్తున్నది మందమే అనడానికి ఆధారం హోటళ్లలోనే దొరుకుతుంది. టిఫిన్ సెంటర్లలో దోసెలు పోసే పెద్ద పెంకలు చాలావరకు మందపాటి ఇనుప ప్లేట్లు. వాటి మీద ఏ కంపెనీ పేరూ ఉండదు.

నునుపు వల్ల లాభమే లేదా అంటే ఉంది. మొదటి కొన్ని వారాలు నున్నటి పెంక మీద దోసె సులువుగా లేస్తుంది, అట్లకాడ ఆగకుండా జారుతుంది, తుడవడం తేలిక. గరుకు పెంక ఆ స్థితికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. వాడే కొద్దీ గుంతల్లో నూనె పొర నిండుతుంది, ఇనుప అట్లకాడ రాపిడికి మొనలు అరుగుతాయి. అద్దంలా పాలిష్ పట్టిన వాటిలో మొదట్లో నూనె పొర సరిగా పట్టక పెచ్చులు లేచే ఇబ్బంది కూడా ఉంది. తొందర ఉన్నవాళ్లు మామూలు పెంకనే కొని గ్రైండింగ్ డిస్క్‌తో లోపలంతా ఒకసారి నునుపు చేయించుకోవచ్చు. రైస్ మిల్లుల పనులు చేసే వర్క్‌షాపులున్న మిర్యాలగూడ లాంటి ఊళ్లలో ఇది పెద్ద పని కాదు. తర్వాత నూనె పొర మళ్లీ మొదటి నుంచి పట్టించాలి.

రక్తహీనతకు మందా?

ఆరోగ్యం మాట కొంత నిజం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు సగానికంటే ఎక్కువ, 57 శాతం పైచిలుకు. ఇనుప పాత్రలో వండితే తిండిలోకి కొంత ఇనుము చేరుతుందన్నది పరిశోధనల్లో తేలిన విషయమే. ఇథియోపియాలో పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అల్యూమినియం గిన్నెల్లో వండింది తిన్నవాళ్లకంటే ఇనుప గిన్నెల్లో వండింది తిన్న పిల్లల్లో హిమోగ్లోబిన్ బాగా పెరిగిందని అందులో చూపించారు.

అయితే ఇనుము ఎంత చేరుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: వంటలో పులుపు, తడి, ఎంతసేపు ఉడికింది. టమాట కూర, పుంటికూర లాంటివి ఇనుప కడాయిలో ఉడికితే బాగా చేరుతుంది. పొడిగా నిమిషంలో కాలే రొట్టెలోకి చేరేది స్వల్పం. పాత్రకు నూనె పొర ఎంత బాగా పడితే ఇనుము అంత తక్కువగా దిగుతుంది. ఎనామిల్ పూత ఉన్న గిన్నె నుంచి అసలు దిగదు. అంటే మంచి నూనె పొర, ఖరీదైన పూత, ఒంటికి ఇనుము అని ఒకే ప్రకటనలో రాస్తే అందులో ఒక మాట ఇంకో మాటను కొట్టేస్తోంది. ఇనుము కోసమే కొనేవాళ్లకు చవకైన మామూలు కడాయే ఎక్కువ ఉపయోగం. రక్తహీనత ఉన్నట్టు పరీక్షలో తేలితే డాక్టర్ రాసిన మాత్రలకు కడాయి బదులు కాదు. తలసేమియా ఉన్నవాళ్లకు ఒంట్లో ఇనుము పేరుకుపోయే సమస్య ఉంటుంది కాబట్టి వాళ్ల ఇంట్లో ఈ పాత్రల గురించి ముందే డాక్టర్‌ను అడగాలి.

 

పులుపు, ఎనామిల్

చింతపండు పులుసు వండే ఇళ్లలో ఉత్త ఇనుముకు పరిమితి ఉంది. పులుపు నూనె పొరను తినేస్తుంది, పులుసు నల్లబడుతుంది, ఇనుము రుచి వస్తుంది. వండినా వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి. పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివి ఇనుము, అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ పెట్టొద్దని పోషకాహార సంస్థ మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

ఈ ఇబ్బంది లేనిది ఎనామిల్ పూత పోత ఇనుము. 1925లో ఫ్రాన్స్‌లో మొదలైన ల క్రూసే కంపెనీకి పేరు దీంతోనే వచ్చింది. ఇనుము మీద గాజు పొడి పరిచి 800 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే అది కరిగి పొరలా అతుక్కుంటుంది. తుప్పు పట్టదు, పులుపుకు చలించదు. ధరకూ పనితనానికీ నిజంగా సంబంధం ఉన్న రకం ఇదొక్కటే అనొచ్చు. ఎందుకంటే పూత ఎన్ని పొరలు, ఇనుముతో పాటు అది సమంగా వ్యాకోచిస్తుందా అన్నదాన్ని బట్టే పెచ్చులు లేచేదీ లేవనిదీ తేలుతుంది. చవక పూత తొందరగా రాలుతుంది. రాలిన చోటు నుంచి మళ్లీ గాజు పెచ్చులు తిండిలో పడతాయి కాబట్టి దాన్ని వాడకూడదు. అయినా పులుసు ఒక్కదాని కోసం ఇరవై వేలు అక్కర్లేదు, మందపాటి అడుగున్న స్టీలు గిన్నె ఆ పని చేస్తుంది. మటన్ ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించే ఇంట్లో ఈ గిన్నెకు దక్కే పని ఇంకా తక్కువ.

బూడిద, చింతపండు, బోరు నీళ్లు

పోత పెంక పాడయ్యేది ఎక్కువగా కడిగే దగ్గర. నూనె పొర అంటే జిడ్డు కాదు. పలుచగా రాసిన నూనె బాగా కాగి, గట్టిపడి, లోహాన్ని పట్టుకున్న పొర. దీనికి త్వరగా గట్టిపడే నూనెలు మేలు. కుసుమ, పొద్దుతిరుగుడు ముందుంటాయి. పాలమూరులో ఇంటింటా ఉండే పల్లి నూనెతోనూ పని జరుగుతుంది. కొబ్బరి నూనె, నెయ్యి అంతగా పట్టవు. మందంగా పూస్తే జిగట మిగులుతుంది, కాబట్టి పూసి మళ్లీ తుడిచేసినంత పలుచగా ఉండాలి.

ఇప్పటి గిన్నెల సబ్బు కొద్దిగా వాడితే ఈ పొరకు ఏమీ కాదు. బూడిదతో గట్టిగా తోమడం, చింతపండుతో రుద్దడం, స్టీలు పీచుతో గీకడం దాన్ని ఊడదీస్తాయి. ఇత్తడి బిందెకు మంచిదైన పద్ధతి పెంకకు చెడ్డది. ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్లు పెంక మీద ఆరిపోతే తెల్ల మరకలు పడతాయి, తుప్పు వేగంగా పడుతుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద నిమిషం ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. ఈ పని చేసే ఓపిక లేని ఇంట్లో ధర ఎంతైనా ఫలితం ఒకటే. తుప్పు పట్టినా రుద్ది, మళ్లీ నూనె కాల్చి వాడుకోవచ్చన్నది నాన్‌స్టిక్‌కు లేని సౌకర్యం.

ఎవరికి ఎంత దాకా

కొనేవాళ్లలో ఒక వర్గానికి మాత్రం ఎక్కువ ధర న్యాయమే అనిపిస్తుంది. మణికట్టు నొప్పి, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కిలో బరువు తగ్గడం, రెండో వైపు కూడా పిడి ఉండడం రోజూ తెలిసే తేడా. మిగతావాళ్లకు వెయ్యి నుంచి రెండు వేల మధ్య దొరికే మందపాటి దోసె పెంక, దానికి తోడు ఉన్న రేకు పెంక చాలు. మరీ చవకైన వాటిలో ఇబ్బంది వేరు: అడుగు సమంగా ఉండదు, ఇసుక గుంతలు ఉంటాయి, తుప్పు పట్టకుండా పూసిన నల్ల పూత ఏమిటో రాసి ఉండదు. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది కానీ అది ఆ రెండు లోహాల పాత్రల కోసం. పోత ఇనుము కొనేటప్పుడు ఎక్కువగా తన కళ్లనే నమ్ముకోవాలి.

ధరలు కొంత తగ్గే వీలుంది. ఇనుము, ఉక్కు వంట పాత్రల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను తగ్గింపు పూర్తిగా అందితే అంతకుముందు నాలుగు వేలున్న పెంక మీద రెండు వందల యాభై దాకా తేడా రావాలి. ఆన్‌లైన్‌లో అసలు ధర ఎక్కువ చూపి సగం తగ్గించినట్టు రాసే చోట మాత్రం ఈ తేడా కనిపెట్టడం కష్టం.

దుకాణంలో కొంటే పెంకను బండ మీద బోర్లించకుండా పెట్టి, ఊగుతుందేమో చూడొచ్చు. పిడి పట్టి వేలాడదీసి చెంచాతో తట్టొచ్చు. ఖంగుమంటే సరే, బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టు అనుమానించాలి. పార్సిల్‌లో వచ్చినదానికీ ఇదే పరీక్ష విప్పిన రోజే, నూనె రాయకముందే చేయాలి. ఒకసారి పొయ్యెక్కిన పెంకను వెనక్కి పంపడం కష్టం.